కారు పొడవు కాదు, మనిషి ఎత్తు కొలవాలి

ఆరడుగుల రెండంగుళాల పొడవున్న ఒక యువకుడు ఉన్నారనుకుందాం. ప్రమాదంలో మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. చేతులు కొద్దిగా కదులుతాయి, నడుము మాత్రం నిలవదు. జాయ్‌స్టిక్‌తో నడిచే పవర్ వీల్‌చైరే ఆయనకు కాళ్లు. ఫిజియోథెరపీకీ, ఉద్యోగానికీ, చుట్టాల పెళ్లిళ్లకూ తీసుకెళ్లవచ్చని ఇంట్లోవాళ్లు అప్పు చేసి ఒక వ్యాన్ కొన్నారు. వెనక ర్యాంప్ పెట్టించారు. మొదటి రోజు కుర్చీ ర్యాంప్ ఎక్కి తలుపు దగ్గర ఆగిపోయింది. ఆయన తల, తలుపు పై అంచు కంటే నాలుగు వేళ్లు ఎత్తులో ఉంది. కాస్త వంగమంటే ఆయన వంగలేరు. వంగగలిగితే ఆ కుర్చీతో పనే ఉండేది కాదు.

ఈ మనిషి ఊహలోని వాడే. కానీ ఆ నాలుగు వేళ్ల తేడా ఊహ కాదు. వీల్‌చైర్‌లో కూర్చుని వాహనం ఎక్కాల్సిన పొడగరులందరికీ ఎదురయ్యే సమస్య అది. వాహనం కొనేటప్పుడు మన దేశంలో మైలేజీ అడుగుతారు, ఇంజిన్ సామర్థ్యం అడుగుతారు, ఎన్ని సీట్లో అడుగుతారు. తలుపు ఎత్తు ఎంత అని ఎవరూ అడగరు. అడిగినా షోరూమ్‌లో చెప్పేవారు అరుదు. ప్రభుత్వం దివ్యాంగులకు పన్ను రాయితీ ఇచ్చినప్పుడు కూడా కొలిచింది కారు పొడవునే, లోపల కూర్చునే మనిషిని కాదు. తప్పు మొదలయ్యేది అక్కడే.

ఒకే మనిషి, రెండు ఎత్తులు

కారులో హాయిగా పట్టే మనిషి వీల్‌చైర్‌తో అదే కారులో ఎందుకు పట్టరు? సమాధానం చిన్న కూడికలో ఉంది.

మనిషి నిటారుగా కూర్చున్నప్పుడు పిరుదుల నుంచి నడినెత్తి వరకు ఉండే ఎత్తు, నిలబడిన ఎత్తులో సగానికి కొంచెం ఎక్కువ. ఆరడుగుల రెండంగుళాలంటే 188 సెంటీమీటర్లు. అలాంటి మనిషి కూర్చున్న ఎత్తు సుమారు 97 సెంటీమీటర్లు. సాధారణ కారు సీటు ఫ్లోర్ నుంచి 30 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. వీపు వెనక్కి వాలి ఉంటుంది, కాళ్లు ముందుకు చాపి ఉంటాయి. కాబట్టి ఆయన తల ఫ్లోర్ నుంచి దాదాపు 120 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కారును గీసే ఇంజినీరు లెక్క ఇదే, అందులో తప్పు లేదు.

పవర్ వీల్‌చైర్ విషయం వేరు. సీటు కింద మోటార్లు, బ్యాటరీలు ఉంటాయి. పొడుగు కాళ్ల మనిషి పాదాలు నేలకు తగలకుండా ఫుట్‌రెస్ట్ ఉండాలంటే సీటు ఇంకాస్త పైకి వెళ్లాలి. దాని మీద ఒత్తిడి పుండ్లు రాకుండా మందపాటి కుషన్ ఉంటుంది. ఇవన్నీ కలిపితే మనిషి కూర్చునే చోటు ఫ్లోర్ నుంచి 50 సెంటీమీటర్లు దాటుతుంది. 52 అనుకుంటే, 52కు 97 కలిపి 149. అంటే సుమారు మీటరున్నర. కారు సీటులో ఉన్నప్పటి కంటే ఒక అడుగు ఎక్కువ.

ఇప్పుడు వాహనం వైపు చూడాలి. మన రోడ్ల మీద తిరిగే చిన్న వ్యాన్ల మొత్తం ఎత్తు నేల నుంచి సుమారు 180 సెంటీమీటర్లు. నేలకూ ఫ్లోర్‌కూ మధ్య ఉండే 40 సెంటీమీటర్ల పైచిలుకు, పైకప్పు మందం తీసేస్తే లోపల మిగిలేది మీటరున్నర కంటే చాలా తక్కువ. తలుపు ఎత్తు అంతకన్నా తక్కువ. మీటరున్నర మనిషి అందులో పట్టడు. ఇది అనుభవంతో తెలుసుకోవాల్సిన విషయం కాదు. కొనకముందే కాగితం మీద తేలిపోయే లెక్క.

ఈ విషయంలో ఎంతో ముందున్నదనుకునే అమెరికాలోనూ లెక్క పూర్తిగా కుదరలేదు. అక్కడ 1990లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం కింద ప్రజా రవాణా వాహనాలకు కొలతలు నిర్ణయించారు. 22 అడుగులు దాటిన బస్సుల్లో ర్యాంప్ లేదా లిఫ్ట్ పైనుంచి తలుపు పై అంచు వరకు కనీసం 68 అంగుళాలు, అంటే దాదాపు 173 సెంటీమీటర్లు ఉండాలి. 22 అడుగులలోపు వ్యాన్లకు 56 అంగుళాలు చాలు. అంటే 142 సెంటీమీటర్లు. మన ఉదాహరణలోని యువకుడి కంటే ఏడు సెంటీమీటర్లు తక్కువ. చట్టం ఒక కొలత పెట్టడం గొప్ప మేలే. అయితే ఆ కొలత సగటు మనిషిని చూసి పెట్టినది. సగటు దాటినవారు మళ్లీ బయటే ఉండిపోయారు.

పైకప్పు పెంచడమా, ఫ్లోర్ దించడమా

తల తగులుతోందంటే అందరికీ ముందు తట్టే ఉపాయం పైకప్పు పెంచడం. మన దేశంలో హై రూఫ్ వ్యాన్లు తేలిగ్గా దొరుకుతాయి. నిలబడి నడవగలిగేంత ఎత్తున్న వాటిలో మీటరున్నర మనిషి సులువుగా పడతారు. అందుకే చాలా కుటుంబాలు అటే మొగ్గుతాయి. కానీ ఎత్తు సమస్య తీరినంత మాత్రాన ప్రయాణం సమస్య తీరదు.

మొదటిది చూపు. కళ్లు నడినెత్తికి పది పన్నెండు సెంటీమీటర్లు కిందుగా ఉంటాయి. అంటే ఈ యువకుడి కళ్లు ఫ్లోర్ నుంచి సుమారు 138 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. కిటికీలను మాత్రం మామూలు సీట్లో కూర్చునేవారి కళ్లను బట్టి పెడతారు. పైకప్పు పెంచితే రేకు పెరుగుతుంది తప్ప కిటికీ పైకి జరగదు. దాంతో ఆయనకు దారి పొడవునా కనిపించేది రేకుగోడ. ఇది కేవలం దృశ్యం చూడలేకపోవడం కాదు. లోపలి చెవిలోని సమతుల్య అవయవం వాహనం మలుపు తిరుగుతోందని, బ్రేకు పడిందని మెదడుకు చెబుతుంది. కళ్లు మాత్రం ఏమీ కదలడం లేదంటాయి. ఈ రెండు కబుర్లు పొసగకపోతే తల తిరగడం, వాంతి రావడం మొదలవుతాయి. పడుకోబెట్టి ఊపిరి సరిచేసుకోవడానికి కూడా మరొకరి సాయం కావలసిన మనిషికి వాంతి చిన్న సంగతి కాదు.

రెండోది గరిమనాభి. టిల్ట్ సౌకర్యం ఉన్న పవర్ వీల్‌చైర్ బరువు 150 కిలోల దాకా ఉండవచ్చు. మనిషి 85 కిలోలనుకుంటే మొత్తం 235 కిలోలు. ఎత్తైన ఫ్లోర్ మీద అంత బరువు పెడితే వాహనం గరిమనాభి పైకి జరుగుతుంది. మలుపుల్లో అటూ ఇటూ ఊగడం ఎక్కువవుతుంది. నడుము పట్టు లేని మనిషికి ఆ ఊపు మరింత గట్టిగా తగులుతుంది.

ఫ్లోర్‌ను దించితే ఈ రెండు చిక్కులూ ఒకేసారి తగ్గుతాయి. తల కిందికి వస్తుంది, తలతో పాటు కళ్లూ కిటికీ ఎత్తుకు వస్తాయి. గరిమనాభి దిగుతుంది. ర్యాంప్ వాలు కూడా తగ్గుతుంది. అమెరికాలో మినీవ్యాన్ల ఫ్లోర్‌ను 25 నుంచి 35 సెంటీమీటర్ల వరకు కిందికి దించి మార్చే పరిశ్రమ పెరగడానికి కారణం ఇదే.

అయితే అక్కడి ఉపాయాన్ని ఉన్నది ఉన్నట్టు ఇక్కడికి తెచ్చుకోలేం. ఫ్లోర్ దించితే వాహనం అడుగుభాగం నేలకు దగ్గరవుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో నున్నటి వంపులా ఉండాలి. వీధుల్లో రాత్రికి రాత్రి పుట్టుకొచ్చే స్పీడ్ బ్రేకర్లు ఏ ప్రమాణాన్నీ పాటించవు. వానకాలంలో గుంతల సంగతి చెప్పనక్కర్లేదు. కాబట్టి మన పరిస్థితులకు మధ్యేమార్గం కావాలి. ఫ్లోర్ మొత్తాన్ని కాకుండా వెనక తలుపు నుంచి కుర్చీ నిలిచే చోటు వరకు మాత్రమే కాలువలా దించడం, ఎక్కేటప్పుడు వాహనాన్ని కొద్దిగా వంచి మళ్లీ లేపే సస్పెన్షన్ పెట్టడం, కొద్దిగా పెంచిన పైకప్పుకు తగ్గట్టు కిటికీని కూడా పెంచడం వంటివి ఆ మార్గంలో ఉన్నాయి. ఇవి తెలియని విద్యలు కావు. మన ఇంజినీర్లు తలచుకుంటే చేయగలిగినవే.

ఇప్పుడు మరో చిక్కు కూడా వస్తోంది. విద్యుత్ వాహనాల్లో చాలావాటికి బ్యాటరీని ఫ్లోర్ కిందే పరుస్తారు. కొన్న తర్వాత ఆ ఫ్లోర్‌ను కోసి దించడం కుదరని పని. పాత తరం వాహనాలను వర్క్‌షాపులో మార్చుకోగలిగేవారు. కొత్త తరం వాహనాల విషయంలో ఆ అవకాశం డిజైన్ బల్ల మీదే మూసుకుపోతోంది. దేశం విద్యుత్ వాహనాల వైపు మళ్లుతున్న ఈ సమయంలో పట్టించుకోకపోతే ఆ తప్పు దశాబ్దాల పాటు వెంటాడుతుంది.

ర్యాంప్ చెప్పే నిజం

భవనాలకు మన దేశంలో అంగీకరించిన ర్యాంప్ వాలు పన్నెండుకు ఒకటి. ఒక సెంటీమీటరు ఎత్తుకు పన్నెండు సెంటీమీటర్ల పొడవు. ఫ్లోర్ నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తున్న వ్యాన్‌కు ఈ లెక్కన ర్యాంప్ వేస్తే 7.8 మీటర్లు అవుతుంది. అది వ్యాన్ కంటే పొడవు. ఆరుకు ఒకటి వాలుతో వేసినా దాదాపు నాలుగు మీటర్లు కావాలి. నాలుగుకు ఒకటి వాలుతో వేస్తే 2.6 మీటర్లు సరిపోతుంది కానీ కోణం 14 డిగ్రీలు. చాలా పవర్ వీల్‌చైర్లకు తయారీదారులు సురక్షితమని చెప్పే వాలు ఆరు నుంచి పది డిగ్రీల మధ్యే. అది దాటితే కుర్చీ వెనక్కి తిరగబడే ప్రమాదం ఉంది. పొడగరి మనిషి గరిమనాభి ఎత్తులో ఉంటుంది కాబట్టి ఆ ప్రమాదం ఆయనకు మరింత ఎక్కువ.

కాబట్టి ఎత్తు ఫ్లోర్ ఉన్న వ్యాన్‌కు ర్యాంప్ సరిపోదు, లిఫ్ట్ కావాలి. లిఫ్ట్ అంటే ఖర్చు, నిర్వహణ, బరువు. ఎంత బరువు ఎత్తగలదో చూసుకోవాలి. అమెరికా ప్రమాణంలో వాహన లిఫ్ట్‌ను కనీసం 600 పౌండ్లకు, అంటే 272 కిలోలకు తట్టుకునేలా పరీక్షిస్తారు. మనిషీ కుర్చీ కలిసి 235 కిలోలున్నప్పుడు తోడున్నవారు కూడా లిఫ్ట్ ఎక్కితే ఆ హద్దు దాటిపోతుంది.

కుర్చీని వెనక్కి వాల్చి తల దించవచ్చు కదా అని కొందరంటారు. టిల్ట్ ఉన్న కుర్చీని 20 డిగ్రీలు వాలిస్తే 97 సెంటీమీటర్ల నిలువు ఎత్తు 91కి తగ్గుతుంది. లాభం ఆరు సెంటీమీటర్లు. బదులుగా తల 33 సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది, కాళ్లు ముందుకు లేస్తాయి. కుర్చీకి కావలసిన పొడవు పెరుగుతుంది. వాలు మీద ఉన్నప్పుడు వెనక్కి వాలిస్తే తిరగబడే ప్రమాదమూ పెరుగుతుంది. లోపలికి చేరాక మళ్లీ నిటారుగా కావలసిందే. వాహనం కదులుతున్నప్పుడు వీపు నిలువుకు 30 డిగ్రీలకు మించి వాలి ఉండకూడదని భద్రతా నిపుణులు చెబుతారు. అంతకంటే వాలితే ప్రమాదంలో నడుము బెల్టు కింద నుంచి శరీరం జారిపోతుంది. కాబట్టి తలుపు దగ్గర ఐదారు సెంటీమీటర్లు ఎలాగో సర్దుకోవచ్చు. లోపలి పైకప్పు దగ్గర మాత్రం సర్దుబాటు లేదు. అక్కడ తల పైన ఖాళీ ఉండి తీరాలి. లేకపోతే ప్రతి గుంతా మెడ మీదే పడుతుంది.

కుర్చీ ఎక్కడ నిలుస్తుందన్నదీ ముఖ్యమే. వెనక ఇరుసుకు కూడా వెనకాల కుర్చీని నిలిపితే ప్రతి కుదుపూ పెద్దదై వస్తుంది. బస్సు చివరి సీటులో కూర్చున్నవారికి ఇది తెలిసిందే. నిలువుగా వచ్చే ప్రకంపనల్లో సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు ఊగేవి మనిషి శరీరాన్ని ఎక్కువ బాధిస్తాయని అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 2631 గుర్తించింది. స్పర్శ లేని చర్మానికి ఆ రాపిడి తెలియదు, తెలిసేసరికి పుండు పడి ఉంటుంది. రెండు ఇరుసుల మధ్య కుర్చీ నిలిచే వాహనమే మేలు.

మూడు వేల కిలోల లాగుడు

అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది బెల్టు. కుర్చీ బ్రేకులు వేసి, చక్రాల వెనక ఇటుక పెట్టి, తాడుతో కట్టి ప్రయాణం సాగించే కుటుంబాలు మన దగ్గర లేకపోలేదు. నెమ్మదిగానే పోతాం కదా అన్న ధీమా దీనికి కారణం. భౌతికశాస్త్రం ఆ ధీమాను ఒప్పుకోదు.

వాహనాల్లో వాడే వీల్‌చైర్లను అంతర్జాతీయంగా గంటకు 48 కిలోమీటర్ల వేగంతో ఎదురు ఢీకొన్నట్టు పరీక్షిస్తారు. ఆ క్షణంలో వేగం తగ్గే తీవ్రత గురుత్వ త్వరణానికి ఇరవై రెట్లు ఉంటుంది. 150 కిలోల కుర్చీ ఆ క్షణంలో మూడు వేల కిలోల బరువు లాగినట్టు లాగుతుంది. మనిషిది మరో 1700 కిలోల లాగుడు. తాడు సంగతి అటుంచితే, వెల్డింగ్ షాపులో పల్చటి రేకుకు బిగించిన కొక్కెం కూడా దానికి తట్టుకోదు.

అందుకే మంచి ఏర్పాటులో కుర్చీని నాలుగు మూలలా ఫ్లోర్‌లోని ఉక్కు పట్టాలకు పరీక్షించిన పట్టీలతో బిగిస్తారు. కుర్చీ ముందు వైపుకే తిరిగి ఉంటుంది, పక్కకు ఎన్నడూ కాదు. మనిషికి వేరే సీటు బెల్టు ఉంటుంది. అది కుర్చీకి ఉండే పొజిషన్ బెల్టు కాదు. ఆ పని కుర్చీలో జారిపోకుండా ఆపడం వరకే. వాహనంలో ప్రయాణానికి తగిన కుర్చీలకు ఐఎస్‌ఓ 7176-19, వాటిని కట్టే పట్టీలకు ఐఎస్‌ఓ 10542 అనే ప్రమాణాలు ఉన్నాయి. కొనేటప్పుడు ఈ రెండు అంకెలు అడిగి తెలుసుకోవాలి.

ఇక్కడ కూడా ఎత్తు అడ్డొస్తుంది. మన యువకుడి భుజం ఫ్లోర్ నుంచి దాదాపు 117 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మామూలు వాహనంలో భుజం బెల్టు పై కొక్కెం కారు సీటులో కూర్చునేవారి భుజానికి తగ్గట్టు ఉంటుంది. కొక్కెం భుజం కంటే కిందికి ఉంటే ఢీకొన్న క్షణంలో బెల్టు భుజాన్ని వెనక్కి పట్టి ఉంచడానికి బదులు కిందికి నొక్కుతుంది. ఆ ఒత్తిడి నేరుగా వెన్నెముక మీద పడుతుంది. ఒకసారి వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి రెండోసారి అదే గాయం చేసే బెల్టు అది. కొక్కెం భుజం కంటే పైన ఉండాలి. తలకు ముందు సుమారు 65, వెనక 40 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. పొడగరికి ఈ ఖాళీ దొరకాలంటే వ్యాన్ లోపలి పొడవు కూడా పెరగాల్సిందే.

కొనే ముందు టేపు తీయాలి

వీటన్నిటి నుంచి ఒక క్రమం తేలుతుంది. కొలత వాహనం దగ్గర కాదు, మనిషి దగ్గర మొదలవ్వాలి. రోజూ వాడే కుషన్ మీద, రోజూ కూర్చునే భంగిమలో, బూట్లు వేసుకుని, హెడ్‌రెస్ట్ బిగించి ఉండగా నేల నుంచి నడినెత్తి వరకు కొలవాలి. హెడ్‌రెస్ట్ తలకన్నా ఎత్తుగా ఉంటే దాని అంచు వరకు కొలవాలి. ఆ తర్వాత కళ్ల ఎత్తు, భుజం ఎత్తు, కుర్చీ పొడవు, వెడల్పు, బరువు రాసుకోవాలి. ఆ కాగితం జేబులో పెట్టుకున్నాకే షోరూమ్‌కు వెళ్లాలి.

తలుపు ఎత్తుకు, తల ఎత్తుకు మధ్య కనీసం ఐదు సెంటీమీటర్ల తేడా చూసుకోవడం మంచిది. ర్యాంప్ మీద కుర్చీ వెనక్కి వంగి ఉంటుంది. ముందు చక్రాలు ఫ్లోర్ ఎక్కగానే కుర్చీ ఒక్కసారిగా ముందుకు సర్దుకుంటుంది, తల ఊగుతుంది. కదలకుండా కొలిచిన ఎత్తుతో ఆ ఊపు తెలియదు. అందుకే మనిషిని అదే కుర్చీలో తీసుకెళ్లి ఎక్కించి చూడకుండా బయానా ఇవ్వకూడదు.

ఇంకో సంగతి. పవర్ వీల్‌చైర్ అయిదారేళ్లకు మారుతుంది, వ్యాన్ పదిహేనేళ్లు ఉంటుంది. కొత్త కుర్చీ సీటు నాలుగు సెంటీమీటర్లు ఎత్తుగా వస్తే మంచి వ్యాన్ కూడా పనికిరాకుండా పోవచ్చు. కండరాల క్షీణత ఉన్న పదిహేనేళ్ల అబ్బాయికి కొంటున్నారంటే ఇంకా పెరిగే అబ్బాయి అని గుర్తుంచుకోవాలి. ఈ రోజు కొలత ఈ రోజుకే చాలుతుంది.

వెనక తలుపా, పక్క తలుపా అన్నది కూడా ఊరిని బట్టి ఆలోచించాలి. పక్క నుంచి ఎక్కే వాహనానికి పక్కన ర్యాంప్ పొడవు, దాని పైన కుర్చీ తిరిగే చోటు కావాలి. దివ్యాంగుల పార్కింగ్‌కు మన మార్గదర్శకాలు 3.6 మీటర్ల వెడల్పు చెబుతున్నది ఇందుకే. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, బజారు వీధుల్లో అంత చోటు దొరకడం కష్టం. అక్కడ వెనక తలుపే ఆచరణకు వీలవుతుంది. కానీ వెనక నుంచి దిగేవారు రోడ్డు మీదకే దిగుతారు కాబట్టి ఆగే చోటు చూసుకోవాలి.

రాయితీ ఎవరిని కొలిచింది

ఇంత లెక్కా ఒక కుటుంబం ఒంటరిగా చేసుకోవాలా అన్నది అసలు ప్రశ్న.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 41వ సెక్షన్ ప్రకారం, దివ్యాంగులు అందుబాటు ఖర్చుతో తిరగగలిగేలా ప్రభుత్వాలు పథకాలు రూపొందించాలి. ప్రోత్సాహకాలు, రాయితీలు, వాహనాల మార్పిడి అందులో ఉండాలి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ, పాత 'ఇన్‌వ్యాలిడ్ క్యారేజ్' మాటను తీసేసి 'అడాప్టెడ్ వెహికల్' అనే నిర్వచనాన్ని తెచ్చింది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో, అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నిబంధనలు ఉండాలని స్పష్టం చేసింది. మాటల వరకు దేశం చాలా దూరం వచ్చింది.

కొలతల దగ్గరే వెనకబడింది. దివ్యాంగులు కొనే కార్లకు జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గించే రాయితీ కొన్నేళ్లు నడిచింది. షరతులు ఏమిటంటే కారు పొడవు నాలుగు మీటర్లు మించకూడదు, పెట్రోలు ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ దాటకూడదు. చేతులతో కారు నడుపుకునే, సీటులోకి మారగలిగే దివ్యాంగులకు అది ఉపయోగపడింది. కుర్చీలోనే కూర్చుని ప్రయాణించాల్సిన పొడగరికి నాలుగు మీటర్లలోపు కారు ఎందుకూ పనికిరాదు. అంటే అవసరం ఎక్కువ ఉన్నవారికే రాయితీ అందలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై పన్ను అందరికీ 18 శాతమే అయింది. దాంతో ఆ పాటి తేడా కూడా చెరిగిపోయింది. వీల్‌చైర్ మీద పన్ను 5 శాతం. ఆ వీల్‌చైర్‌ను మోయగల పెద్ద ప్యాసింజర్ వాహనం నాలుగు మీటర్లు, 1500 సీసీ దాటితే 40 శాతం పన్నులోకి వెళుతుంది. కుర్చీని అవసరమని గుర్తించిన లెక్క, దాన్ని మోసే వాహనాన్ని విలాసంగా చూస్తోంది.

2001 జనవరిలో స్టీఫెన్ హాకింగ్ మన దేశానికి వచ్చారు. ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నిర్వహించిన 'స్ట్రింగ్స్ 2001' సదస్సులో పాల్గొన్నారు. ఢిల్లీలో ఆయన చూడాలనుకున్న చారిత్రక కట్టడాల దగ్గర చెక్క ర్యాంపులు వెలిశాయి. ఆయన కుర్చీ పట్టేలా మార్చిన వాహనం కూడా సిద్ధమైంది. అతిథి వచ్చినప్పుడు చేయగలిగిన పని అది. అంటే ఇంజినీరింగ్ మనకు ఎప్పుడో వచ్చు. రాకపోయినదల్లా అతిథి కానివారి కోసం చేసే అలవాటు.

ఎంతమంది ఉంటారని

పొడగరి పవర్ వీల్‌చైర్ వాడకందారులు దేశంలో ఎంతమంది ఉంటారు, వారి కోసం ఇంత హడావిడి దేనికి అనే ప్రశ్న సహజం. 2011 జనగణన ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్లు. అందులో కదలికకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు 54 లక్షల పైచిలుకు. వారిలో పవర్ వీల్‌చైర్ కొనగలిగినవారు కొద్దిమందే, అందులో పొడగరులు ఇంకా కొద్దిమంది. నిజమే. కానీ తలుపు కొలతకు ఒక గుణం ఉంది. పొడవైన మనిషి పట్టే తలుపులో పొట్టి మనిషీ పడతారు. తోడుగా ఉన్న తల్లి నడుము వంచకుండా లోపలికి వెళ్లి పట్టీలు బిగించగలుగుతుంది. మోకాళ్లు వంగని తాతగారు కూడా మామూలు వీల్‌చైర్‌లో అదే వ్యాన్ ఎక్కుతారు. పొట్టివారికి సరిపోయేలా చేసిన తలుపుకు ఈ గుణం లేదు. అది కొందరిని ఎప్పటికీ బయటే ఉంచుతుంది.

ఖర్చు అభ్యంతరం ఇంకా బలమైనది. పెద్ద వ్యాన్, లిఫ్ట్, పరీక్షించిన పట్టీలు అన్నీ కలిపి మధ్యతరగతి కుటుంబానికి భారమే. ప్రతి ఇంటికీ సొంత వ్యాన్ ఉండాలని ఎవరూ అనడం లేదు. ప్రతి జిల్లా కేంద్రంలో, ప్రతి పెద్ద ఆసుపత్రి, విశ్వవిద్యాలయం దగ్గర ఎత్తు తలుపున్న కొన్ని వ్యాన్లు అద్దెకు దొరికితే చాలామందికి కొనాల్సిన అవసరమే రాదు. అలాంటి ట్యాక్సీలకు అనుమతులు, రాయితీలు ఇచ్చేటప్పుడు మీటరున్నర మనిషి పట్టాలన్న షరతు ఒక్కటి పెడితే చాలు.

చేయవలసినవి పెద్ద పనులు కావు. దివ్యాంగుల వాహన రాయితీని కారు పొడవు నుంచి విడదీసి, చట్టంలోని 'అడాప్టెడ్ వెహికల్' నిర్వచనానికి ముడిపెట్టాలి. లిఫ్ట్, ర్యాంప్, పట్టీలను పరీక్షించి ధ్రువీకరించే పద్ధతి చిన్న వర్క్‌షాపులకు కూడా అందేలా ఉండాలి. విద్యుత్ వ్యాన్ల డిజైన్‌లో కనీసం ఒక రకమైనా కుర్చీకి దించిన ఫ్లోర్‌తో రావాలి. వీటన్నిటికంటే ముందు, రేపే చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి వ్యాన్ కరపత్రంలో పొడవు, వెడల్పు, వీల్‌బేస్ పక్కన మరో మూడు అంకెలు అచ్చువేయాలి: తలుపు ఎత్తు, లోపల ఫ్లోర్ నుంచి పైకప్పు ఎత్తు, నేల నుంచి ఫ్లోర్ ఎత్తు. దీనికి కొత్త పరిశోధన అక్కర్లేదు. పన్ను ఆదాయం తగ్గదు. ఆ అంకెలు ప్రతి తయారీదారు దగ్గరా ఇప్పటికే ఉన్నాయి.

ఆ మూడు అంకెలు కనిపించి ఉంటే, ఆ యువకుడి ఇంట్లోవాళ్లు అప్పు చేయకముందే కాగితం మీద కూడిక వేసుకునేవారు. 149కి ఐదు కలిపి 154. తలుపు అంతకంటే చిన్నదని తెలిసి మరో వ్యాన్ వెతుక్కునేవారు.